ఎడ్జ్ బాక్స్ కొనబోయే చెరువు రైతులూ, ఒక్క నిమిషం

చెరువు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) కొలిచి, అది తగ్గితే నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పే బాక్సు ఇది. మొన్న ఎగ్జిబిషన్‌లో టోపీలు పంచిన కంపెనీయే. పేరు రాయను, మీకు తెలుసు. నిన్న తెల్లారేసరికి నా రెండెకరాల చెరువులో వనామీ రొయ్య సగం పోయింది. 60 కౌంటు సరుకు, అంటే కిలోకి అరవై. పది రోజుల్లో పట్టుబడి పెట్టేవాళ్లం.

"క్లౌడ్ కాదండీ, ఎడ్జ్. తెలివంతా బాక్సులోనే. నెట్ పోయినా డీఓ పడగానే ఏరియేటర్లు వాటంతటవే తిరుగుతాయి" అన్నాడు సేల్స్ అబ్బాయి. మా బావమరిది వద్దన్నాడు. వింటేగా! 85 వేలు కట్టా.

రాత్రి కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. రెండింటికి లేచి ఫోన్ చూశా. డీఓ 5.2, పక్కన పచ్చ చుక్క. హాయిగా పడుకున్నా. నాలుగున్నరకు కాపలా కుర్రాడి ఫోన్: "అయ్యా, రొయ్య పైకి తేలుతోంది." పరిగెత్తుకెళ్లి మీటర్ ముంచితే 1.4. ఏరియేటర్ ఒక్కటీ తిరగట్లేదు. యాప్‌లో మాత్రం ఇంకా 5.2! అది రాత్రి 11:40 నాటి రీడింగట. బాక్సు చచ్చినా ఆఖరి అంకెనే చూపిస్తూ కూర్చుంది. తెల్లారుజామునే డీఓ అడుగంటుతుందని తెలిసీ, టార్చి పట్టుకుని గట్టు చుట్టూ తిరగాల్సిన నేను పచ్చ చుక్కను నమ్మా.

కస్టమర్ కేర్ వాడు "లాగ్స్ పంపండి సార్" అన్నాడు. లాగ్స్ అంటే బాక్సు రాసుకునే చిట్టా. అదెక్కడుంటుంది? బాక్సులో. బాక్సు ఆన్ కాదే! "అయితే కరెంటు పోయినప్పుడు మెమరీ కార్డు కరప్ట్ అయ్యుంటుంది. అది వారంటీలో రాదు సార్." చెరువు గట్టున కరెంటు పోదనుకుని తయారు చేశారా నాయనా? అంతటితో ఆగాడా! "మీ షెడ్డులో ఏసీ ఉందా సార్?" అన్నాడు. రేకుల షెడ్డులో ఏసీ! మా ఆవిడ పక్కన ఉండబట్టి ఫోన్ కాలవలో పడలేదు.

మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి కొత్త కార్డు పెట్టి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్ అని కొట్టి లోపలికెళ్లాడు. "అన్ని బాక్సులకీ ఇదేనండి" అన్నాడు నవ్వుతూ. 2016లో మిరాయ్ వైరస్ ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే లక్షల కెమెరాల్లో, రూటర్లలో దూరింది. అంటే నా ఏరియేటర్లు ఎవడైనా ఆపేయొచ్చన్నమాట.

ఇప్పటికే కొన్నవాళ్లు పాస్‌వర్డ్ మార్చండి. పగటిపూట బాక్సు ప్లగ్గు పీకి చూడండి, ఫోన్ మోగుతుందో లేదో. బాక్సు చస్తే ఏరియేటర్లు ఆగేలా కాదు, తిరిగేలా వైరింగ్ చేయించండి.

ట్రాక్టర్ వచ్చింది. చచ్చిన సరుకు ఎత్తించాలి.