ఆమ్నీ క్యాంపర్‌కి కార్బొరేటర్ ఓవరాయిలింగ్: చాలాకాలం వాడాక నా సమీక్ష

ముందే తీర్పు చెప్పేస్తాను. ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి అందించే పాత కార్బొరేటర్‌ని ఓవరాయిలింగ్ చేయించడం, అంటే మొత్తం విప్పి బాగుచేయించడం మీద పెట్టిన డబ్బు దండగ కాలేదు. కానీ ఆ పనిని ఇంతకాలం నిలబెట్టింది అందరూ చెప్పే రిపేర్ కిట్ కాదు, లేత్ మీద చేయించి అరిగిన రంధ్రాల్లో కూర్చోబెట్టిన రెండు ఇత్తడి బుష్‌లు, అంటే చిన్న గొట్టాలు. కిట్ ఒక్కటే మార్పించి పనైపోయిందనుకున్నవాళ్లు మళ్లీ గ్యారేజీ గడప తొక్కక తప్పదని నా నమ్మకం.

బండి మారుతీ ఆమ్నీ, తొంభైల మోడల్. 1984లో మారుతీ వ్యాన్ పేరుతో వచ్చి, 2019 దాకా తయారైన బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు. నా దానికి ఇంజెక్టర్లు లేవు, కార్బొరేటరే. వెనక సీటు మడిచి దాని మీద ప్లైవుడ్ మంచం పరిచాను, కింద సామాన్ల పెట్టెలు. మంచాన్ని బోల్టులేసి బిగించలేదు, ఇద్దరు పడితే ఎత్తి బయట పెట్టేయొచ్చు. రిజిస్ట్రేషన్ కాగితాల్లోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, ఆ తలనొప్పి నాకెందుకు! ఉండేది బెంగళూరు. సెలవులు కలిసొస్తే లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, గండికోట.

ఆమ్నీలో ఇంజిన్ ఉండేది ముందు సీట్ల కింద. సీటు ఎత్తితే కార్బొరేటర్ చేతికందుతుంది, అది సుఖం. కష్టం కూడా అక్కడే. మామూలు కారులో కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో అయితే వాసన బానెట్ కింద ఉండిపోతుంది. ఇందులో తిన్నగా మంచం దగ్గరికొస్తుంది. పిల్లలతో అదే బండిలో పడుకోవాలంటే పెట్రోలు వాసనను చూసీ చూడనట్టు వదిలేయలేం. స్టవ్ వెలిగించడం సంగతి చెప్పనే అక్కర్లేదు.

వాసన ఒక్కటే కాదు. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగితే ఐడిలింగ్, అంటే బండి నిలబడి ఉండగా ఇంజిన్ నడిచే వేగం, పైకీ కిందికీ ఊగి బండి ఆగిపోయేది. ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం గుటక వేసి అప్పుడు కదిలేది. హైవే ఎక్కాక మాత్రం ఏ గొడవా లేదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, జబ్బు ఎక్కడుందో చెప్పింది అదే.

మొదట ఒక గ్యారేజీలో ఓవరాయిలింగ్ పేరుతో జరిగిన తంతు ఇది: ఎయిర్ ఫిల్టర్ విప్పారు, పైనుంచి క్లీనర్ స్ప్రే కొట్టారు, ఐడిల్ స్క్రూ పెంచారు, బిల్లు చేతిలో పెట్టారు. వారం తిరక్కుండా కథ మొదటికొచ్చింది.

తర్వాత తెలిసినవాళ్లు చెబితే కలాసిపాళ్యం వైపు ఒక చిన్న షెడ్డుకి వెళ్లాను. పెద్దాయన, మాట చూస్తే మన రాయలసీమే. ఇంజిన్ స్టార్ట్ కూడా చేయలేదు. సీటు ఎత్తి, యాక్సిలరేటర్ కేబుల్ తగిలించే లివర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. టక టకమని చప్పుడొచ్చింది.

“చూడండి సార్, స్పిండిల్ ఎట్లా ఆడతా ఉందో. ఈ సందులో నుంచే గాలి లాగేస్తా ఉంది. కిట్ వేసిస్తే ఇప్పటికి బాగుంటాది, మళ్లా వస్తారు.”

“మరేం చేద్దామన్నా?”

“బుష్ కొట్టించాల.”

విషయం ఏమిటంటే, కార్బొరేటర్ అడుగున గాలిని ఆపే బిళ్ల ఒకటి ఉంటుంది, బటర్‌ఫ్లై అంటారు. అది స్పిండిల్ అనే కడ్డీ మీద తిరుగుతుంది. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి కడ్డీ, అది కూర్చునే రంధ్రం రెండూ అరుగుతాయి. బిళ్ల దాదాపు మూసి ఉన్నప్పుడు, అంటే ఐడిలింగ్‌లో, దాని కింద వాక్యూమ్ చాలా ఎక్కువ. ఆ సందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. బిళ్ల తెరుచుకున్నాక వాక్యూమ్ తగ్గుతుంది, లీకు బయటపడదు. అందుకే హైవే మీద బండి బుద్ధిగా నడుస్తుంది. చాలామంది మెకానిక్‌లు ఈ గాలికి విరుగుడుగా మిక్చర్ స్క్రూ తిప్పి పెట్రోలు పెంచుతారు. బండి ఆగకుండా ఉంటుంది కానీ మైలేజీ మంట కలుస్తుంది. మీ బండిలో చూసుకోవాలంటే, చల్లటి ఇంజిన్‌ని అప్పుడే స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉండగా స్పిండిల్ చివర కొద్దిగా కార్బ్ క్లీనర్ కొట్టండి. ఇంజిన్ చప్పుడు మారితే గాలి లాగుతున్నట్టే.

విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున సున్నం పొడిలా తెల్లగా పేరుకుని ఉంది. కార్బొరేటర్ బాడీ జింకు మిశ్రమ లోహం. నీరు చేరితే ఇలా తెల్లగా పూస్తుంది. నీరెక్కడిదంటే ఇథనాల్‌ది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న ఇక్కడే, బెంగళూరులోనే, మొదలుపెట్టారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి వేరుపడి అడుక్కి దిగుతుంది. రోజూ తిరిగే బండికి పెద్ద ఇబ్బంది లేదు. నెలల తరబడి నీడపట్టున ఉండే క్యాంపర్‌కి మాత్రం ఇదే అసలు శత్రువు.

పెట్రోలును కొలిచి పంపే సన్న రంధ్రాల ముక్కల్ని జెట్లు అంటారు. పెద్దాయన వాటిని తీగతో పొడవలేదు, నానబెట్టి గాలి కొట్టాడంతే. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా లెక్క తప్పుతుంది. బటర్‌ఫ్లై బిళ్లను పట్టి ఉంచే చిన్న స్క్రూల చివర్లు కంపెనీలోనే చితక్కొట్టి ఉంటాయి. వాటిని అరగదీసి విప్పాడు, బిగించాక మళ్లీ లాక్ చేశాడు. ఆ స్క్రూ ఊడితే తిన్నగా ఇంజిన్‌లోకే! లేత్ పనిలో కష్టమంతా సెంటర్ తప్పకుండా బుష్ కూర్చోబెట్టడం. కొంచెం పక్కకి పోయినా బిళ్ల గోడకి పట్టేస్తుంది. ఇంజిన్‌కి బిగించే కింది అంచు, ఫ్లాంజ్, వంకరపోతే అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి రుద్ది చదును చేశాడు. నీడిల్ వాల్వు, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్, ప్యాకింగులు కిట్‌లోవే, జేసీ రోడ్డులో నేనే తెచ్చిచ్చాను. పెట్రోలు రబ్బరు పైపులు ఉబ్బిపోయి ఉంటే ఇథనాల్‌ని తట్టుకునే ఆర్9 రకం వేయించాను.

ఇక వాడకం సంగతి. ఐడిలింగ్ ఆ రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది, స్క్రూ ముట్టుకోలేదు. గుటక పోయింది. వాసన పోయింది, ఇంట్లోవాళ్ల లెక్కలో మార్కులన్నీ దీనికే. పొల్యూషన్ పరీక్షలో ఇలాంటి పాత బండ్లకి కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం. ఇదివరకు అంచు మీద టెన్షన్‌తో నెట్టుకొచ్చేవాణ్ని, ఇప్పుడు ఆ దిగులు లేదు.

పోనిది ఒకటుంది, హాట్ స్టార్ట్. వేసవిలో ఎండలో ఘాట్ ఎక్కి టీకి ఆపితే, పదిహేను నిమిషాల తర్వాత స్టార్ట్ చేయడం గగనమే. ఇంజిన్ వేడికి గిన్నెలోని పెట్రోలు మరిగి, ఇంజిన్‌లోకి మిశ్రమం వెళ్లే గొట్టమైన మానిఫోల్డ్‌లోకి పొంగుతుంది. కార్బొరేటర్ కింద వేడిని ఆపే ఇన్సులేటర్ కొత్తది వేశాక తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అప్పుడు చోక్ ముట్టుకోకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. నేనైతే ఆపగానే సీటు ఎత్తి వదిలేస్తాను, వేడి బయటికి పోతుంది. ఓవరాయిలింగ్‌తో ఇది కూడా తీరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకో తమాషా గమనించాను. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ ఉంటే సుమారు 13.5 చాలు. అంటే పాత జెట్లతో గాలి పాలు ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. కొత్త కార్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కాబట్టి గాలే పలచన, ఆ మేరకు లెక్క కొంత సరిపోతుంది. మొగిలి ఘాట్ దిగి చిత్తూరు వైపు వెళితే అసలు రంగు బయటపడుతుంది: పికప్‌లో కాస్త నీరసం, ప్లగ్గులు విప్పితే తెల్లటి చాయ. మెయిన్ జెట్ ఒక సైజు పెంచుదామా అంటే, ఊళ్లోనే ఎక్కువ తిరుగుతారు కదా, వద్దన్నాడు పెద్దాయన. అయినా కడప లాంటి పల్లపు ప్రాంతాల్లో ఎక్కువగా తిరిగేవాళ్లు పెంచుకోవడమే మేలని నాకనిపిస్తోంది.

బండి నెలకు పైగా కదలదని తెలిస్తే, పంపు నుంచి వచ్చే పైపుని క్లిప్పుతో నొక్కి, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఐడిల్‌లో వదిలేస్తాను. ఆ తర్వాత ఒకసారి విప్పి చూస్తే తెల్లపొడి జాడలేదు.

కొత్త కార్బొరేటర్ కొనేయొచ్చుగా అని అడుగుతారు. అసలుది దొరికితే కొనండి. దొరుకుతున్నవాటిలో డూప్లికేట్లే ఎక్కువ. నాకు చూపించిన ఒకదాని స్పిండిల్ పెట్టెలోంచి తీసిన రోజే నా పాతదాని కన్నా వదులుగా ఆడింది. నా లెక్కలో అరిగిన అసలు బాడీకి బుష్ వేయించుకోవడం ఎంతో నయం. బాడీకి పగులు ఉంటే, లేదా జెట్ కూర్చునే మర పోయి ఉంటే మాత్రం వదిలేయండి, డబ్బు పోయడమే. పని ఇచ్చేముందు బుష్ ఎవరు వేస్తారని అడగండి. అవసరం లేదు సార్, కిట్ చాలు అన్నచోట తాళం తీసుకుని వచ్చేయండి.

నా బండికి ఇప్పుడు చోక్ కేబుల్ బిగుసుకుంటోంది, సగం దాకానే వస్తోంది. చలికాలం లోపు అది మార్పించాలి.