పాత సమాధి రాళ్ళకు ఈ మేస్త్రినే పిలవండి

మాది చిత్తూరు గిరింపేట. మా ముత్తాత సమాధి ఊళ్ళోని పాత క్రైస్తవ శ్మశానంలో ఉంది. గోడ ఒకపక్క కూలిపోయింది, లోపలంతా సర్కారు తుమ్మ. నవంబర్ 2న సమాధుల పండగకి తప్ప ఎవరూ అటు పోరు. ఆ రోజు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేస్తాం. ఏటా ప్రేమతో కొట్టిన ఆ సున్నమే అక్షరాలను పూడ్చేసింది.

మూడేళ్ళ కిందట వేరే ఒకాయనకు పని అప్పజెప్తే మా అవ్వ పాలరాతి పలక మీద యాసిడ్ పోశాడు. రాయి తెల్లగా వచ్చింది, పేరు సగం పోయింది. పాలరాయిని యాసిడ్ తినేస్తుందని మాకు తెలీదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఈ మేస్త్రి కట్టమంచి వైపు షెడ్డులో శిలాఫలకాలు చెక్కుతాడు. వచ్చీ రాగానే ఉలి తియ్యలేదు. రాయి తడిపి, గంటసేపు నాననిచ్చి, వెదురు పుల్లతో ఒక్కో అక్షరంలోంచి సున్నం పెళ్ళలు లాగాడు. వైర్ బ్రష్ ముట్టుకోలేదు. సాయంత్రం టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి, "చూడమ్మా" అన్నాడు. నీడ పడి అక్షరాలు లేచాయి: "ఉపదేశి" (అంటే మిషన్ తరఫున వాక్యం బోధించేవాడు), కింద "ప్రభువునందు నిద్రించెను, 1909", ఇంకా కింద "ఉత్తర ఆర్కాడు జిల్లా". అప్పట్లో చిత్తూరు ఆ జిల్లాలోనే ఉండేది; చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో కదా, అంతకు రెండేళ్ళ ముందే పోయాడు మా ముత్తాత. 1853లో స్కడ్డర్ అన్నదమ్ములు పెట్టిన ఆర్కాట్ మిషన్ అనే క్రైస్తవ సంస్థలో పనిచేశాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. "ఉపదేశి" అన్న మాట రాతిమీద చూస్తే నోట మాట రాలేదు. చివర రెండు వరుసలు అరవంలో ఉంటే అవి కూడా ఆయనే చదివి చెప్పాడు.

ఇంకో రాయితో కలిపి రెండు రాళ్ళకు 3,500 రూపాయలు తీసుకున్నాడు. చెప్పిన రోజుకి రాలేదు, రెండు రోజులు ఆలస్యం. బిల్లు ఇవ్వడు. అరిగిన అక్షరాలను మళ్ళీ లోతుగా చెక్కమని నేను అడిగితే, "పాత చేతిపని పోతుందమ్మా, రంగు మాత్రం నింపుతా" అన్నాడు. అవ్వ పలకకు మాత్రం ఏమీ చెయ్యలేనని ముందే చెప్పేశాడు. పక్కన చిన్న నల్లరాయి నిలబెట్టి పేరు చెక్కిస్తున్నాం.

ముళ్ళ చెట్లు కొట్టడానికి మనిషిని మీరే చూసుకోవాలి. పండగ ముందు ఆయనకు ఖాళీ ఉండదు, సెప్టెంబర్‌లోనే చెప్పిపెట్టుకోండి. ఈసారికి సున్నం కొట్టకండి, నీళ్ళతో కడిగితే చాలు.