తెనాలి నుంచి బ్రాడీపేట ఆడిటరు ఆఫీసుకు ఎందుకు వెళ్తున్నానంటే

తెనాలిలో నాది మోటార్ల రివైండింగు షాపు. చేలకు నీళ్లు తోడే మోటార్లు, రైసు మిల్లుల మోటార్లు, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో తిరిగే పెద్ద మోటార్లు కాలిపోయి మా బల్ల మీదికి వస్తాయి. మా ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో స్కూల్ అసిస్టెంటు. మా ఇద్దరి ఆదాయపు పన్ను, షాపు జీఎస్టీ గుంటూరు బ్రాడీపేటలోని ఒక చిన్న ఆడిట్ ఆఫీసు చూస్తోంది. ఆడిటరు గారు ఒక మేడమ్. చార్టర్డ్ అకౌంటెంట్ల ప్రచారానికి వాళ్ల సంస్థ నిబంధనలు హద్దులు పెడతాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఊళ్లోనే రిటర్నులు వేసేవాళ్లుండగా గుంటూరు దాకా ఎందుకని చాలామంది అడుగుతున్నారు. వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను.

ఆదాయం తగ్గించి చూపడాన్ని ఈ ఆఫీసులో పన్ను ఆదా అనరు. ఉన్నది ఉన్నట్టు రాసి, చట్టం ఇచ్చిన వెసులుబాటును చివరి రూపాయి దాకా వాడిస్తారు. నా లెక్కే చూడండి. 2025-26లో షాపు టర్నోవరు 38 లక్షలు. 26 లక్షలు ఫోన్‌పే, బ్యాంకు ద్వారా వచ్చాయి, 12 లక్షలు నగదు. నాలాంటి చిన్న వ్యాపారులకు సెక్షన్ 44ఏడీ ఉంది. బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బులో కనీసం 6 శాతం, నగదులో కనీసం 8 శాతం లాభంగా చూపితే ఆడిట్ బాధ ఉండదు. ఆ లెక్కన నా లాభం 2.52 లక్షలు. అంతకుముందు నాకు రిటర్నులు వేసినాయన ఏటా ఈ కనీసపు అంకె దగ్గరే ఆపేసేవాడు.

మేడమ్ నా రోజువారీ పుస్తకం అడిగి తీసుకున్నారు. రాగి తీగ కొన్న బిల్లులు, కుర్రాళ్ల జీతాలు, అద్దె, కరెంటు అన్నీ తీసేసి 7.40 లక్షలు మిగిలిందని తేల్చారు. ‘మిగిలిందే రాద్దామండీ. ఎక్కువ మిగిలినప్పుడు ఎక్కువే చూపాలి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది, మీకు రూపాయి పన్ను పడదు’ అన్నారు. ఈ మాట చిన్న వ్యాపారులందరికీ చేరాలి. పన్నే పడనప్పుడు లాభం తగ్గించి రాసుకుంటే నష్టం మనకే. రేపు కొత్త వైండింగ్ యంత్రానికి లోను అడిగితే బ్యాంకువాళ్లు ముందు చూసేది రిటర్నులు. అందులో రెండున్నర లక్షలు కనిపిస్తే అడిగినంత ఎలా ఇస్తారు?

మా ఆవిడ విషయంలో ఇంకా మేలు జరిగింది. ఫిబ్రవరిలో తెలిసిన ఏజెంటు ఒకాయన, ఏడాదికి లక్ష ప్రీమియంతో పాలసీ తీసుకుంటే పన్ను తగ్గుతుందని ఇంటికొచ్చి కూర్చున్నాడు. సంతకానికి ముందు ఒకసారి అడుగుదామని వెళ్లాం. మేడమ్ తెల్ల కాగితం మధ్యలో గీత గీసి పాత, కొత్త పన్ను విధానాల లెక్కలు రెండూ మా ఎదుటే వేశారు. జీతం 12.90 లక్షలు. పాత విధానంలో జీతగాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, ఆ పాలసీ కట్టినట్టే అనుకుని బీమా, పొదుపులకిచ్చే 80సీ మినహాయింపు కింద లక్షన్నర, ఇంటి లోను వడ్డీ 2 లక్షలు, ఆరోగ్య బీమా 25 వేలు తీసేస్తే 8.65 లక్షలు. దాని మీద పన్ను సెస్సుతో కలిపి 88,920. కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12.15 లక్షలు. రిబేటుకున్న 12 లక్షల హద్దు దాటింది కాబట్టి స్లాబుల ప్రకారం 62,250 కట్టాలి. ఇక్కడే మేడమ్ పెన్ను ఆపి, మార్జినల్ రిలీఫ్ గురించి చెప్పారు. హద్దు ఎంత దాటామో అంతకు మించి పన్ను పడకూడదు. దాటింది 15 వేలే కనుక పన్ను 15 వేలు, సెస్సుతో 15,600. పాలసీ వల్ల ఈ రెండో లెక్కలో పైసా కూడా తగ్గదు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

జీఎస్టీ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షలు. తెలంగాణలో అదే 20 లక్షలు. నాలాగా పని కూడా చేసేవాళ్లకు ఇక్కడా 20 లక్షలే. పక్క షాపు స్పేర్ పార్టుల ఆయనకు లేని రిజిస్ట్రేషన్ నాకెందుకో అప్పుడు అర్థమైంది.

ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న యూనిట్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, మాత్రం మేడమ్ పట్టుబట్టి చేయించారు. ఆన్‌లైన్‌లో ఉచితం. సూక్ష్మ, చిన్న తరహా యూనిట్లకు ఇవ్వాల్సిన డబ్బు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో ఇవ్వాలి. అలా ఇవ్వని కంపెనీ, డబ్బు చెల్లించిన ఏడాదిలోనే ఆ ఖర్చును తన ఆదాయంలోంచి తీసేసుకోగలదు, అంతదాకా కాదు. సెక్షన్ 43బీ(హెచ్) చెప్పేది అదే. కొని అమ్మే వ్యాపారులకు ఇది వర్తించదు, రివైండింగ్ సేవ కాబట్టి నాకు వర్తిస్తుంది. బిల్లు మీద ఉద్యం నంబరు అచ్చు వేయించాక, నెలల తరబడి తిప్పించే మిల్లుల అకౌంటెంట్లు మార్చి రాకముందే ఫోను చేసి మరీ డబ్బు పంపుతున్నారు.

ఇబ్బందులూ ఉన్నాయి. జూలైలో ఫోను ఎత్తరు, వెళ్తే మెట్ల మీద నిలబడాలి. కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి ఏఐఎస్ కాగితం, అంటే పన్ను శాఖ దగ్గరున్న మన వివరాల పట్టిక, అడిగితే తప్ప ఇవ్వదు. అందులో బ్యాంకు వడ్డీలు, లావాదేవీలు అన్నీ ఉంటాయి, అడిగి తీసుకోండి. ఇద్దరి రిటర్నులకూ కలిపి 3,000 తీసుకున్నారు. ఊళ్లో అంతకంటే తక్కువకే వేస్తారు.

రిఫండులో వాటా తీసుకుని, లేని విరాళాలు, లేని అద్దెలు రాసేవాళ్ల కోసం వెతుకుతుంటే ఇక్కడికి రాకండి. మా ఆవిడ తోటి టీచరు ఒకరు అడిగితే మేడమ్ మొహమాటం లేకుండా కుదరదన్నారు. 2025 జూలైలో ఇలాంటి రిటర్నులు వేసేవాళ్ల మీద ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. తప్పుడు వివరాలని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా, అదీ రిటర్ను ఎవరి పేరున ఉంటే వాళ్లకే పడుతుంది.

పైన రాసిన సెక్షన్లు 1961 చట్టానివి, 2025-26 ఆదాయానికి అవే వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఆదాయానికి కొత్త చట్టం, కొత్త నంబర్లు. వెళ్లేవాళ్లు జనవరిలో వెళ్లండి, మేడమ్ తీరిగ్గా కూర్చోబెట్టి లెక్క వేస్తారు. బ్యాంకు స్టేట్‌మెంటు, రోజువారీ పుస్తకం, ఇంటి లోను వడ్డీ సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి.