షుగర్‌కి బెర్బెరిన్ మాత్రా, పీచు పదార్థమా?

రెండూ పేగుల్లోని బాక్టీరియా మీద ఆధారపడేవే. మొక్కల నుంచి తీసే బెర్బెరిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, మింగినదాంట్లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. బాక్టీరియా దాన్ని డైహైడ్రోబెర్బెరిన్‌గా మారిస్తే కాస్త తేలిగ్గా లోపలికి వెళ్తుంది, పేగు గోడలో మళ్లీ పాత రూపానికే వస్తుంది. ట్రయల్స్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే పరీక్ష) తగ్గిన మాట నిజమే. కానీ కడుపు ఇబ్బందులు మామూలు. పైగా వేరే మందులను విడగొట్టే కాలేయ ఎంజైములను అడ్డుకుంటుంది. గర్భిణులకైతే అసలే వద్దు.

పీచుది నిదానం వ్యవహారం. బాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి, అవి పేగు కణాల చేత ఇన్సులిన్‌ని పెంచి షుగర్‌ని తగ్గించే జీఎల్‌పీ-1 హార్మోన్ విడుదల చేయిస్తాయి. ఒక్కసారిగా పెంచితే మాత్రం గ్యాస్, ఉబ్బరం తప్పవు.

నా ఓటు పీచుకే. బెర్బెరిన్ కావాలనుకుంటే ముందు డాక్టర్‌ని అడగండి, డాక్టర్ ఇచ్చిన షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మాత్రం సొంతంగా మానేయొద్దు.