నాఫియాన్, స్పీక్, పీబీఐ: మన కాలేజీ ల్యాబ్‌కి ఏది మేలు?

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ ప్రాజెక్టు ఎత్తుకున్న పిల్లలు ముందుగా అడిగేది ఏ మెంబ్రేన్ (సెల్ మధ్యలో ఉండి ప్రోటాన్లని దాటనిచ్చే పల్చని పాలిమర్ పొర) తీసుకోవాలనే. నాఫియాన్, స్పీక్, పీబీఐ ఇలాంటి మూడు రకాల పొరలు. పని నేర్చుకోవాలంటే స్పీక్, సెల్ నమ్మకంగా నడవాలంటే నాఫియాన్. నా ఓటు స్పీక్‌కే.

నాఫియాన్ 1960ల్లో డ్యూపాంట్‌లో పుట్టింది. టెఫ్లాన్ లాంటి పాలిమర్ గొలుసుకి సల్ఫోనిక్ ఆమ్లపు కొసలు ఉంటాయి. బాగా తడిగా ఉంటే ప్రోటాన్ వాహకత సెంటీమీటరుకు 0.1 సీమెన్స్ దాకా వస్తుంది. సెల్‌లో పుట్టి పొరని తినేసే పెరాక్సైడ్ రాడికల్స్‌ని బాగా తట్టుకుంటుంది. ఖరీదు మాత్రం ఎక్కువే, పైగా ఆరిపోతే పనిచేయదు. మన దగ్గర ఉక్కపోతకి కొదవ లేదు కదా, తేమ అదే వస్తుందిలే అనుకోకండి. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ పట్టిన గాలి కూడా 80 డిగ్రీల సెల్‌లోకి వెళ్లేసరికి దాని సాపేక్ష తేమ 9 శాతానికి పడిపోతుంది. హ్యూమిడిఫయర్ పెట్టాల్సిందే.

స్పీక్ అంటే సల్ఫోనిక్ ఆమ్లపు కొసలు తగిలించిన పీక్ ప్లాస్టిక్. దీన్ని మనమే చేసుకోవచ్చు. పీక్ పాలిమర్‌ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలియబెట్టి, ఐసు నీళ్లలో సన్నధారగా పోస్తే తెల్లటి పోగులు తేలతాయి. ఆమ్లం పోయేదాకా కడిగి ఆరబెట్టి, డైమిథైల్ అసిటమైడ్ అనే ద్రావణిలో కరిగించి గాజు పలక మీద పోయాలి. ఆమ్లంలో ఎంతసేపు, ఎంత వేడిలో ఉంచామన్నదే కీలకం. సల్ఫోనేషన్ (ఆ కొసలు తగలడం) చాలకపోతే వాహకత రాదు, ఎక్కువైతే పొర వేడినీళ్లలో నానిన అప్పడమైపోతుంది.

వానాకాలంలో ఇంకో తంటా. ద్రావణి ఆరేలోపే గాలిలోని తేమ లోపలికి దూరి, పారదర్శకంగా రావాల్సిన పొర పాలలా తెల్లబడుతుంది. అందుకే పోసిన వెంటనే పలకని ఓవెన్‌లో పెట్టేయాలి. ముందే ఓవెన్ అరని రసమట్టంతో చూసుకోండి. వాలు ఉంటే ఒక అంచు మందం, ఇంకో అంచు పల్చన. ఆ పొరతో కొలిచిన లెక్కలన్నీ దండగ.

పీబీఐ (పాలీబెంజిమిడజోల్) సంగతి వేరు. ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టిన ఈ పొర 160 డిగ్రీల దగ్గర కూడా, నీళ్ల అవసరం పెద్దగా లేకుండానే నడుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ కలిసిన హైడ్రోజన్‌కీ అంతగా బెదరదు. కానీ సెల్ చల్లారి లోపల నీరు చేరితే ఆమ్లం కొట్టుకుపోతుంది. రోజూ ఆన్, ఆఫ్ చేసే ల్యాబ్‌కి ఇది వద్దు.

డబ్బులుంటే 50 మైక్రాన్ల నాఫియాన్ 212 ముక్క ఒకటి కొనండి. మీ స్పీక్‌ని దాని పక్కన, అదే సెల్‌లో, అదే వేడిలో, అదే తేమలో కొలవండి. రెండింటి మందమూ రిపోర్టులో రాయండి.