మూలధ్రువపత్రం చేయించే సేవ: ఐదుకు మూడు చుక్కలు

కొత్తవాడలో మాది చిన్న జంపఖానాల వ్యాపారం. దుబాయికి పంపే సరుకుకు మూలధ్రువపత్రం (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే కాగితం) కోసం హనుమకొండలో ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాను. రుసుము పదిహేను వందలు, పని రెండు రోజులు. ఇంతవరకు బాగానే ఉంది.

దుబాయి ఉన్న యూఏఈ దేశంతో మనకు 2022 మే 1న అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం వల్ల, అక్కడ మామూలుగా పడే 5 శాతం సుంకం మన జంపఖానాలకు ఉండదు. కానీ ఆ రాయితీ అడిగితేనే వస్తుంది. సరుకు నిజంగా ఇక్కడే నేసిందని ఆ పత్రం చెప్పాలి, అందులోని కోడు, అంటే సరుకు ఏ రకమో చెప్పే కస్టమ్స్ సంఖ్య, ఇన్వాయిస్‌తో సరిపోవాలి. మొదటిసారి ఈయన చేతిమగ్గం జంపఖానాను వేరే రకం తివాచీల కోడులో పెట్టారు. అక్కడి కస్టమ్స్ వారు రాయితీ ఇవ్వలేదు. కొనుగోలుదారు ఆ 5 శాతాన్ని నా బిల్లులోంచే కోసుకున్నాడు. నాకు మిగిలే లాభమే అంతంతమాత్రం!

రెండోసారి నూలు కొన్న రసీదులు, కూలి లెక్కలు నేనే పట్టుకెళ్లి పక్కన కూర్చున్నాను. పత్రం తప్పు లేకుండా వచ్చింది. ఆయన మర్యాదస్తుడే, ఫోను ఎత్తుతారు, చాయ్ కూడా ఇప్పిస్తారు.

బంగ్లాదేశ్ చొక్కాలు ఏళ్ల తరబడి సుంకం లేకుండా యూరప్‌కు వెళ్తుంటే, సుంకం పడే చొక్కాలు కుట్టే మన దర్జీలు ఎందుకు వెనకబడ్డారో ఇప్పుడు బాగా తెలిసింది. ఈ ఏజెంటు దగ్గరికి వెళ్లేవారు కోడును మాత్రం సంతకానికి ముందే చూసుకోండి.