సొంతూరి సముద్రం దగ్గర అద్దె గదులు

ఒడిశాలోని మా బరంపురంలో గదికి డబ్బు కట్టడం నా జీవితంలో ఇదే మొదటిసారి. బడాబజారు వెనక సందులో మా ఇల్లు ఉన్నన్నాళ్ళూ చుట్టాలొస్తే ఇంకో చాప పరిచేవాళ్ళం, అంతే. నాన్న పోయాక ఇల్లు అమ్మేశాం. నేను ఉద్యోగరీత్యా పర్లాకిమిడిలో స్థిరపడ్డాను. మొన్న మాఘంలో పిన్ని కూతురి పెళ్ళికి బరంపురం వెళ్ళాల్సి వచ్చింది. పెళ్ళివాళ్ళు విడిది ఇస్తామన్నారు గానీ ఒక్కో గదిలో ఎంతమందిని సర్దుతారో నాకు తెలుసు. అమ్మకి డెబ్బై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మా పాపకి తొమ్మిది, అది సముద్రం అని నెల రోజుల నుంచి కలవరిస్తోంది. అందుకని నాలుగు రాత్రులూ మా ఖర్చుతోనే ఉందామని బయల్దేరాం.

ఈ వైపు తెలియనివాళ్ళకి ఒక మాట. బరంపురం సముద్రం ఒడ్డున లేదు. హౌరా, చెన్నై రైళ్ళు ఆగేది బరంపురంలో. సముద్రం ఉన్నది 16 కిలోమీటర్ల అవతల, గోపాల్‌పూర్‌లో. కాబట్టి వచ్చే ప్రతివాళ్ళకీ ఇదే తర్జనభర్జన: ఊళ్ళో దిగి సాయంత్రం సముద్రానికి వెళ్ళి రావాలా, సముద్రం దగ్గరే దిగి ఊళ్ళోకి వచ్చి పోవాలా?

పెళ్ళి రాత్రి ఊళ్ళోనే ఉన్నాం. మెడికల్ కాలేజీ వైపు లాడ్జీలు రోగుల తాలూకు మనుషులతో నిండి ఉంటాయని స్టేషను వైపు చూశాను. 1,900 రూపాయలు, ఏసీ, లిఫ్ట్ ఉందని యాప్‌లో రాసి ఉంది. ఉంది, కాదనను. కాకపోతే ఆ లిఫ్ట్ మొదలయ్యేది మొదటి అంతస్తు నుంచి. కింద నుంచి పంతొమ్మిది మెట్లు ఎక్కితే లిఫ్ట్ దర్శనమవుతుంది. అమ్మ మధ్యలో ఆగి, "పంతొమ్మిది ఎక్కినదాన్ని ఇంకో పంతొమ్మిది ఎక్కలేనా, ఇంక లిఫ్ట్ ఎందుకు నాన్నా" అంది. ముసలివాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఫోన్ చేసి "లిఫ్ట్ ఉందా" అని కాదు, "లిఫ్ట్ దగ్గరికి ఎన్ని మెట్లు" అని అడగండి. అది తప్ప గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు సమయానికి వచ్చాయి. పొద్దున్నే వీధిలోకి వస్తే ఇడ్లీ, ఉప్మా, బఠాణీ ఘుగునితో వడ. 1936 దాకా మద్రాసు రాజధానిలో ఉన్న ఊరు కదా, ఇక్కడి టిఫిన్లకి ఇంకా ఆ వాసన పోలేదు. రెండేళ్ళకోసారి చైత్రంలో వచ్చే ఠాకురాణి జాతర రోజుల్లో మాత్రం ఊళ్ళో గది దొరుకుతుందని నమ్ముకుని రాకండి.

రెండో రాత్రి రంభలో. చిలికా సరస్సు దక్షిణపు కొస అది. నీళ్ళకి ఎదురుగా గది దొరికింది. కంపెనీ దొర స్నాడ్‌గ్రాస్ 1790ల్లో కట్టించిన బంగళా కూడా ఇక్కడే ఉంది, ఇప్పుడది ఖరీదైన హోటల్. మేం బయట నుంచే చూశాం. పడవ మాట్లాడుకునేటప్పుడు ఏయే దీవులకి, ఎన్ని గంటలు అన్నది ఎక్కక ముందే తేల్చుకోవాలి. నీళ్ళ మధ్యలోకి వెళ్ళాక బేరం మన చేతిలో ఉండదు. తెల్లారుజామున రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి తాబేళ్ళ కోసం వెళ్ళాం. 2025 ఫిబ్రవరిలో అక్కడ దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. మేం వెళ్ళిన రోజు ఒక్కటీ రాలేదు. పాప మొహం చిన్నబుచ్చుకుంది. రంభ ప్రశాంతమైన చోటు, కానీ పిల్లలకి ఒక పూట చాలు.

ఇక గోపాల్‌పూర్. అసలు సంగతి ఇక్కడే ఉంది.

మూడో రాత్రికి నేను ఎంచుకున్నది సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్, 2,600 రూపాయలు. ఫోటోలో బాల్కనీ నిండా సముద్రమే. తీరా వెళ్ళాక బాల్కనీలోంచి పక్క హోటల్ నీళ్ళ ట్యాంకు కనబడింది. పిట్టగోడ పట్టుకుని ఎడమవైపు బాగా వంగితే అప్పుడు సముద్రం. ఉప్పుగాలికి కిటికీ గడియ తుప్పు పట్టి పడటం లేదు, రాత్రంతా టపటపా కొట్టుకుంటూనే ఉంది. ఏసీ మోత దానికి తోడు. కిందికి ఫోన్ చేస్తే ఒకబ్బాయి వచ్చి అట్టముక్క మడిచి దోపి వెళ్ళాడు. తొమ్మిదిన్నరకి భోజనం అడిగితే వంటగది కట్టేశామన్నారు. ఇవన్నీ సర్దుకోవచ్చు. మధ్యాహ్నం రెండింటికి గదిలో అడుగుపెట్టిన మమ్మల్ని, వెళ్ళే రోజు పొద్దున్న ఎనిమిదింటికే ఖాళీ చేయాలన్నారు చూడండి, అక్కడ నాకు మండింది. ఇక్కడ కొన్ని చోట్ల ఇరవై నాలుగు గంటల లెక్క, కొన్ని చోట్ల పొద్దున ఎనిమిది లెక్క. డబ్బు కట్టకముందే అడగాల్సింది నేను. అడగలేదు. ఇప్పుడే వెళ్ళిపోతామంటే, రెండు రాత్రులకి కట్టిన డబ్బులో రెండోది వెనక్కి రాదన్నారు. మా ఆవిడ "పోతే పోయాయి, ఇంకో రాత్రి ఆ కిటికీతో నేను కాపురం చెయ్యలేను" అంది.

పెట్టెలు కారులో వేసుకుని లైట్‌హౌస్ వెనక సందుల్లోకి వెళ్ళాం. బోర్డు లేని డాబా ఇల్లు, అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన. నేను ఒడియాలో అడిగితే లోపల్నుంచి ఒకావిడ తెలుగులో బదులిచ్చింది. "ఏటి బాబూ, గది కోసవేనా? పైన రెండున్నాయి, సూసుకోండి. నచ్చితేనే డబ్బులియ్యండి." ఇక్కడి జాలర్లని ఒడియావాళ్ళు నోలియాలంటారు. ఇళ్ళలో చాలామందికి మన తెలుగే, అదీ శ్రీకాకుళం యాసలో. అద్దె 1,100. ఏసీ లేదు, మాఘమాసంలో అవసరమూ లేదు. గోడలకి కొత్తగా సున్నం, మంచాల మీద ఉతికిన దుప్పట్లు, బాత్రూంలో జారని బండలు. మా అందరి ఆధార్ కాపీలూ ఆవిడ కూడా అడిగి తీసుకుంది. అమ్మ మెట్ల వైపు భయంగా చూడటం గమనించినట్టుంది, "పెద్దమ్మకి మెట్లెందుకు, కింద గది నేను కాళీ సేస్తాను" అని తన మంచం, ట్రంకు పెట్టె పక్కకి జరిపేసింది. ఆ గదికి వేరే డబ్బు తీసుకోలేదు.

పొద్దున్న పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి ఆవిడతోనే వెళ్ళి చందువ చేపలు, పీతలు కొన్నాం. మనమే కొని ఇస్తే వండిపెట్టినందుకు మనిషికి వంద. నాకు ఇదే బాగా నచ్చిన పద్ధతి. బీచి మీది హోటళ్ళలో చేప ఎప్పటిదో, తూకం ఎంతో మనకి తెలియదు. రాత్రి దీపాలార్పి పడుకుంటే లైట్‌హౌస్ వెలుగు కిటికీ మీదుగా తిరిగి తిరిగి పోతోంది. పాప అది లెక్కపెడుతూ నిద్రపోయింది. ఈ ఇంటి నుంచి సముద్రం కనబడదు. మూడు నిమిషాలు నడిస్తే వస్తుంది.

నీళ్ళలోకి దిగే విషయంలో మాత్రం జాగ్రత్త. ఇక్కడ ఒడ్డు వెంటనే లోతవుతుంది, అల వెనక్కి లాగే ఊపు ఎక్కువ. ఒడ్డున పుట్టి పెరిగిన ఆ ముసలాయనే పాపని మోకాలి లోతు దాటనివ్వలేదు.

సాయంత్రం పాత రేవు గోడల దగ్గర అమ్మని కూర్చోబెట్టాం. ఇక్కడి నుంచే ఒకప్పుడు రంగం ఓడలు, అంటే బర్మాలోని రంగూన్‌కి వెళ్ళేవి. అమ్మ వాళ్ళ తాత ఇక్కడ ఓడెక్కి వెళ్ళి, 1942లో జపాన్ బాంబులకి భయపడి కాలినడకన తిరిగొచ్చాడట. ఆయన వెళ్తూ ఇంట్లో ఇచ్చిపోయిన ఇత్తడి చెంబు ఎవరింట్లో ఉందన్న దాని మీద అమ్మకీ పిన్నికీ ఇప్పటికీ మాటల్లేవు. పెళ్ళికి వెళ్ళినా ఆ చెంబు ప్రస్తావన తేలేదు, అదో గొప్ప. అక్కణ్ణించి పామ్ బీచ్ హోటల్‌కి వెళ్ళి టీ తాగాం. మాగ్లియోని అనే ఇటలీ ఆయన 1914లో పెట్టిన హోటల్ అది, ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళది. అక్కడ ఒక రాత్రికయ్యే ఖర్చుతో మా నాలుగు రాత్రులూ గడిచిపోతాయి. టీ మాత్రం దర్జాగా తాగొచ్చు.

నన్నడిగితే, మెట్లెక్కలేని పెద్దవాళ్ళు, మందులు, డాక్టరు అవసరం ఉన్నవాళ్ళు బరంపురంలోనే దిగి సాయంత్రం గోపాల్‌పూర్ వెళ్ళి రావడం మేలు. బస్సులు, ఆటోలు దొరుకుతాయి. రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఉండగలిగితే గోపాల్‌పూరే, కానీ బీచికి ఎదురు వరస వదిలేసి వెనక సందుల్లో చూసుకోండి. దసరా పూజలకీ, డిసెంబరు ఆఖరుకీ కలకత్తా నుంచి జనం దిగుతారు, అప్పుడు ఇదే గదికి రెట్టింపు చెబుతారు. అక్టోబరులో వచ్చేవాళ్ళు తుపాను కబుర్లు చూసుకుని రండి. 2013లో ఫైలిన్ తీరం దాటింది ఇక్కడే, అక్టోబరు 12న. ఆ రాత్రి తమ ఇంటి పైకప్పు రేకులు ఎటు పోయాయో ఇప్పటికీ తెలీదని మాకు గది ఇచ్చిన ఆవిడ నవ్వుతూ చెప్పింది. ఈ డాబా ఆ తర్వాత వేసుకున్నదేనట.

బండెక్కుతుంటే కాగితంలో నాలుగు ఎండు కొణెం చేప ముక్కలు చుట్టి అమ్మ చేతిలో పెట్టింది. పలాస దాటేదాకా కారు అద్దాలు దించే ఉంచాం.